నైటింగేల్ కుటుంబం సమాధి: నేల ఒకరిది, రాయి ఒకరిది, రూల్స్ ఇంకొకరివి

ఇంగ్లాండ్ దక్షిణాన హాంప్‌షైర్‌లో రామ్సీ అని చిన్న టౌన్, దానికి కాస్త దూరంలో ఈస్ట్ వెల్లో అని ఒక పల్లె. అక్కడి సెయింట్ మార్గరెట్ చర్చి 13వ శతాబ్దం నాటిది, లోపల గోడల మీద ఆనాటి బొమ్మలు వెలిసిపోయినా ఇంకా ఆనవాలు పట్టొచ్చు. బయట సమాధుల తోటలో, చుట్టూ ఉన్న మామూలు రాళ్ళకంటే ఎత్తుగా, నాలుగు ముఖాలతో, పైకి పోయేకొద్దీ సన్నబడే రాతి కట్టడం ఒకటుంది. దాని ఒక ముఖం మీద ఎఫ్. ఎన్. అని రెండు పొడి అక్షరాలు, 1820 మే 12 పుట్టిన తేదీ, 1910 ఆగస్టు 13 పోయిన తేదీ, అంతే. ఫ్లారెన్స్ నైటింగేల్ అని పూర్తి పేరు చెక్కలేదు, క్రిమియా యుద్ధం గురించి గానీ నర్సింగ్ గురించి గానీ ముక్క లేదు, 1907లో రాజు ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఊసు కూడా లేదు, ఆ బిరుదు అందుకున్న మొట్టమొదటి మహిళ ఆవిడే అయినా సరే.

అక్కడికి వెళ్ళేవాళ్ళంతా ఆవిడ సమాధి అనుకునే వెళ్తారు గానీ నిజానికి అది వాళ్ళ నాన్న సమాధి, అంటే కుటుంబం మొత్తానికి అని పెట్టుకున్న చోటు, కూతురు ముప్ఫై ఆరేళ్ళ తర్వాత అందులో చేరింది. ఇలాంటి విక్టోరియా కాలపు కుటుంబ సమాధులు ఇంగ్లాండ్ పల్లెల్లో బోలెడన్ని, వాటిలో కొన్నిటికి చట్టపరమైన రక్షణ కూడా ఉంది, ఇది కూడా ఆ రక్షణ జాబితాలోదే. కానీ రక్షణ ఉంది అనగానే ప్రభుత్వం వాళ్ళు వచ్చి చూసుకుంటారు, ఆర్కియాలజీ వాళ్ళ బోర్డూ వాచ్‌మనూ ఉంటారు అనుకుంటాం కదా, అక్కడ లెక్క అది కాదు. అక్కడ రక్షణ అంటే ముఖ్యంగా "అడగకుండా ముట్టుకోవద్దు" అని. బాగు చెయ్యడానికి డబ్బులెవరిస్తారు అనేది పూర్తిగా వేరే సంగతి, చట్టం దాని జోలికి పెద్దగా పోదు.

ముందు ఆ కుటుంబం కథ తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్లారెన్స్ నాన్న విలియం ఎడ్వర్డ్ పుట్టుకతో నైటింగేల్ కాదు, ఆయన ఇంటిపేరు షోర్. తల్లి వైపు పెద్దాయన పీటర్ నైటింగేల్ ఆస్తి 1815లో చేతికొచ్చినప్పుడు పేరు మార్చుకున్నాడు. 1825లో ఈస్ట్ వెల్లో పక్కనే ఎంబ్లీ పార్క్ అనే పెద్ద ఎస్టేట్ కొన్నారు, చలికాలం అక్కడ, ఎండాకాలం డార్బీషైర్‌లో లీ హర్స్ట్ అనే ఇంకో ఇంట్లో. ఇద్దరూ కూతుళ్ళే, పెద్దమ్మాయి పార్థినొపీ, చిన్నమ్మాయి ఫ్లారెన్స్. ఇక్కడే పేచీ వచ్చింది, ఎందుకంటే పీటర్ నైటింగేల్ వీలునామా ప్రకారం విలియంకి కొడుకు లేకపోతే ఆస్తి ఆయన కూతుళ్ళకి రాదు, ఆయన చెల్లెలు మేరీకి, ఆమె తర్వాత ఆమె కొడుక్కి పోతుంది. 1874 జనవరిలో విలియం ఎంబ్లీలోనే పోయాడు. అంతే, భార్య ఫ్రాన్సెస్ దాదాపు యాభై ఏళ్ళు ఏలిన ఇల్లు ఆ ఏడాదే ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, అప్పటికే ఆవిడకి చూపు పోయి మతి కూడా సరిగ్గా నిలవడం లేదు. 1880 ఫిబ్రవరిలో ఆవిడ పోయినప్పుడు తీసుకొచ్చి భర్త పక్కనే పెట్టారు. ఎంబ్లీని 1896లో అమ్మేశారు, ఇప్పుడక్కడ స్కూల్ నడుస్తోంది. అంటే ఆ ఊళ్ళో ఆ కుటుంబానికి చివరికి మిగిలింది ఈ సమాధి చోటు ఒక్కటే. అక్క పార్థినొపీ కూడా ఇక్కడ లేదు, ఆవిడ సర్ హ్యారీ వెర్నీని పెళ్ళి చేసుకుంది, 1890లో సరిగ్గా చెల్లెలి పుట్టినరోజు నాడే పోయింది, అత్తారి ఊరు మిడిల్ క్లేడన్‌లో పూడ్చారు.

ఫ్లారెన్స్‌కైతే అసలు సమాధే వద్దు. వీలునామాలో తన శరీరాన్ని డాక్టర్ల చదువు కోసం డిసెక్షన్‌కి ఇచ్చెయ్యమని రాసింది, తను పడుకున్న చోట గుర్తు ఏదీ పెట్టొద్దంది, అది కుదరకపోతే దగ్గర్లో ఏ శ్మశానం ఉంటే అక్కడికి, ఇద్దరికి మించి వెంట రాకుండా, ఆర్భాటం లేకుండా తీసుకెళ్ళి, ఒక మామూలు సిలువ మీద పొడి అక్షరాలు, రెండు తేదీలు మాత్రం వెయ్యమంది. జరిగింది ఏంటంటే, లండన్‌లో రాజులనీ గొప్పవాళ్ళనీ పూడ్చే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో చోటు ఇస్తామన్నా బంధువులు వద్దన్నారు, అక్కడిదాకా ఆవిడ మాట నిలబెట్టారు. మిగతావి ఆగలేదు. 1910 ఆగస్టు 20న లండన్ సెయింట్ పాల్స్‌లో పెద్ద ప్రార్థన, అదే రోజు ఈస్ట్ వెల్లోలో ఆరుగురు ఆర్మీ సార్జంట్లు శవపేటిక మోశారు, జనం బాగానే వచ్చారు. డిసెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇక సిలువ విషయంలో ఒక మధ్యేమార్గం దొరికింది, ఆవిడకంటూ విడిగా గుర్తు పెట్టకుండా కుటుంబం రాయి మీదే ఒక ముఖం ఇచ్చి పొడి అక్షరాలతో సరిపెట్టారు. కుటుంబ సమాధి అనేది ఉండబట్టే ఆ రాజీ కుదిరింది. లేకపోతే అంత పేరున్న మనిషికి ఆ రోజుల్లో ఏ పాలరాతి విగ్రహమో దేవదూతల గుంపో తప్పేది కాదు.

అసలు చర్చి బయట ఇలా నిలువెత్తు కుటుంబ సమాధులు ఆ కాలంలో అంతగా ఎందుకు లేచాయి అంటే దానికి కారణం ఉంది. అంతకుముందు జమీందారు కుటుంబాలు చర్చి లోపలే, నేలమాళిగల్లో పూడ్చుకునేవి, గోడకి పాలరాతి ఫలకాలు కొట్టుకునేవి. 1830ల నుంచి కలరా మళ్ళీ మళ్ళీ రావడం, లండన్ లాంటి చోట్ల చర్చి ఆవరణలు నిండిపోయి శవాల మీద శవాలు పూడ్చడం, ఈ గొడవలన్నీ ముదిరి 1850ల్లో వరసగా బరియల్ యాక్ట్‌లు వచ్చాయి, ఊళ్ళ మధ్య నిండిపోయిన శ్మశానాలని మూసేశారు, బిల్డింగ్ లోపల పూడ్చే అలవాటు కూడా దాదాపు పోయింది. పల్లెల్లో చోటుకి అంత కరువు లేదు కాబట్టి అక్కడి సమాధుల తోటలు నడుస్తూనే ఉన్నాయి, డబ్బున్నవాళ్ళు లోపల నుంచి బయటకి వచ్చారు. బయటకి వచ్చాక వానకీ మంచుకీ తట్టుకోవాలి, దూరం నుంచి కనపడాలి, అదీకాక ఆ రోజుల్లో గోథిక్ ఫ్యాషన్, దాంతో సమాధులకి కూడా చిన్న చర్చి శిఖరాల్లాంటి ఆకారాలు వచ్చాయి. నాలుగు ముఖాలుంటే తరానికో ముఖం వాడుకోవచ్చు అనే లెక్క కూడా ఉండే ఉంటుంది.

ఇక హక్కుల సంగతి, ఇదే అన్నిటికంటే తికమక. సమాధి కింద నేల కుటుంబానిది కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ ఆవరణ భూమి చట్టప్రకారం ఆ చర్చి పాస్టర్ పదవి పేరు మీద ఉంటుంది, మనిషి మారితే పదవిలోకి వచ్చినవాళ్ళకి దఖలు పడుతుంది. సమాధికి చోటు ఇచ్చారంటే అక్కడ పూడ్చుకోనిచ్చారు అని మాత్రమే, నేల రాసిచ్చినట్టు కాదు. రాయి మాత్రం చర్చిది కాదు. దాన్ని పెట్టించినవాళ్ళు బతికున్నంతకాలం వాళ్ళది, వాళ్ళు పోయాక అది ఎవరి జ్ఞాపకార్థమో ఆ మనిషి వారసుడిది. మూడు నాలుగు తరాలు దాటాక ఆ వారసుడు ఎవరో వెతకడమే పెద్ద పని, ఆస్ట్రేలియాలో ఉండొచ్చు, తనకో సమాధి ఉందన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. నైటింగేల్‌ల విషయంలో ఇద్దరు కూతుళ్ళకీ పిల్లల్లేరు కాబట్టి నేరుగా వంశం అక్కడే ఆగింది, ఆస్తి వెళ్ళినట్టే వారసత్వం లెక్క కూడా మేనత్త వైపు తిరుగుతుంది. తల్లిని ఇంట్లోంచి బయటకి పంపిన ఆ వంశవృక్షమే చివరికి రాయి ఎవరిదో తేల్చాలన్నా దిక్కు, ఇది కాస్త చేదుగా అనిపించే విషయమే.

నేల చర్చిది, రాయి కనపడని వారసుడిది, మరి ఆవరణ శుభ్రం, గడ్డి, గోడలు, ప్రమాదాలు జరగకుండా చూసుకోవడం ఎవరి పని? అది ఆ చర్చి కమిటీది, మన సీఎస్ఐ చర్చిల్లో పాస్టరేట్ కమిటీ ఉన్నట్టే అక్కడ పారిష్ కమిటీ ఉంటుంది, పల్లెల్లో అయితే ఆ కమిటీలో పది పన్నెండు మంది, ఎక్కువగా రిటైరైనవాళ్ళు. కొత్తగా పూడ్చడం పూర్తిగా ఆపేసి ప్రభుత్వ ఆర్డర్‌తో మూసేసిన ఆవరణ అయితే 1972 చట్టం ప్రకారం మెయింటెనెన్స్‌ని లోకల్ కౌన్సిల్‌కి అప్పగించొచ్చు, ఇంకా వాడకంలో ఉంటే ఆ దారి లేదు, కమిటీయే మొయ్యాలి. ప్రభుత్వం నుంచి పారిష్‌కి రెగ్యులర్‌గా వచ్చే గ్రాంట్ అంటూ ఏమీ ఉండదు, ఆదివారం కానుకలు, కేకులు అమ్మి పోగేసిన డబ్బులు, చనిపోతూ ఎవరైనా రాసిచ్చినవి, వీటితోనే నడవాలి. చర్చి పైకప్పు కారుతుంటే ఎవరో 1870ల నాటి దొరగారి సమాధి మీద ఖర్చు పెడదాం అని మీటింగ్‌లో అనే ధైర్యం ఎవరికుంటుంది?

దీని మీద మూడో పొర లిస్టింగ్, అంటే మొదట్లో చెప్పిన ఆ రక్షణ జాబితాలో చేర్చడం. 1882లో మొదటి పురాతన కట్టడాల చట్టం వచ్చింది గానీ అది వేల ఏళ్ళ నాటి రాళ్ళ వలయం స్టోన్‌హెంజ్ లాంటి వాటికోసం. ఇళ్ళూ చర్చిలూ సమాధులూ వచ్చే ఇప్పటి పద్ధతి రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి చాలా ఊళ్ళు దెబ్బతిన్నాక, 1944, 1947 చట్టాలతో మొదలైంది, ఇప్పుడు నడుస్తున్నది 1990 చట్టం. హిస్టారిక్ ఇంగ్లాండ్ అనే సంస్థ సలహా ఇస్తుంది, మంత్రి పేరు మీద నిర్ణయం అవుతుంది, జాబితాలో మూడు గ్రేడ్‌లు, గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ, మొత్తంలో తొంభై శాతం పైనే ఆఖరి గ్రేడ్‌లో ఉంటాయి. సమాధి ఒక్కటే విడిగా జాబితాలోకి ఎక్కొచ్చు, పక్కనే ఉన్న చర్చి గ్రేడ్ వన్ అయి సమాధి ఇంకో గ్రేడ్‌లో ఉండటం మామూలే. 18వ శతాబ్దం, 19వ శతాబ్దం మొదట్లోవి బాగా మిగిలి ఉంటే ఎక్కే అవకాశం ఎక్కువ, 1850 తర్వాతవి లెక్కకి మించి ఉన్నాయి కాబట్టి ఏరి ఏరి తీసుకుంటారు. అప్పుడు శిల్పం గొప్పదైనా అయ్యుండాలి, లోపల ఉన్న మనిషి గొప్పవాడైనా అయ్యుండాలి. నైటింగేల్ సమాధి రెండో లెక్కలోది అని వేరే చెప్పక్కర్లేదు, అదే రాయి కింద ఏ మామూలు జమీందారో ఉండుంటే ఎవరూ రెండోసారి తిరిగి చూసేవాళ్ళు కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బయటివాళ్ళకి అస్సలు తెలియనిది. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌కి సొంత కోర్టులున్నాయి, డయాసిస్‌కి, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతానికి, ఒక జడ్జి ఉంటాడు, చర్చి బిల్డింగ్‌లో గానీ ఆవరణలో గానీ చెప్పుకోదగ్గ మార్పు ఏది చెయ్యాలన్నా ఆయన దగ్గర ఫ్యాకల్టీ అనే అనుమతి తీసుకోవాలి, దానికి ముందు డయాసిస్ సలహా కమిటీ చూస్తుంది. ఇంత గట్టి పద్ధతి సొంతంగా ఉంది కాబట్టి చర్చి బిల్డింగ్‌కి మామూలు లిస్టెడ్ బిల్డింగ్ అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చారు. కానీ ఆవరణలో విడిగా లిస్ట్ అయిన సమాధికి ఆ మినహాయింపు వర్తించదు. అంటే గ్రేడ్ వన్ చర్చి లోపల ఏదన్నా మార్చాలంటే చర్చి అనుమతి ఒక్కటి చాలు, బయట ఉన్న సమాధి రాళ్ళు విప్పి మళ్ళీ పేర్చాలంటే చర్చి జడ్జి అనుమతీ కావాలి, లోకల్ ప్లానింగ్ వాళ్ళ అనుమతీ కావాలి, దొరికితే వారసుడి సమ్మతి కూడా. అనుమతి లేకుండా దాని రూపం దెబ్బతినేలా ఏదన్నా చేస్తే అది క్రిమినల్ నేరం, రెండేళ్ళ వరకు జైలు పడొచ్చు. అదే ఏమీ చెయ్యకుండా ఊరికే వదిలేస్తే? సాధారణంగా ఏమీ కాదు. రిపేర్ చెయ్యమని నోటీసులిచ్చే అధికారాలు కాగితం మీద ఉన్నాయి గానీ పల్లె చర్చి ఆవరణలో ఒక సమాధి కోసం వాటిని బయటకి తీసే కౌన్సిల్ దొరకడం కష్టం. తొందరపడి చేసినవాడికి శిక్ష, వదిలేసినవాడికి ఏమీ లేదు, ఇలాంటి ఏర్పాటులో కమిటీ వాళ్ళు ఏది ఎంచుకుంటారో ఊహించడం పెద్ద కష్టం కాదు.

వదిలేస్తే రాయికి ఏమవుతుంది అనేది కూడా చూడాలి. ఈ కట్టడాలు బయటికి ఒకే బండలా కనిపిస్తాయి గానీ లోపల చాలా ముక్కలు, వాటిని పట్టి ఉంచడానికి విక్టోరియా కాలపు మేస్త్రీలు ఇనప పట్టీలు, ఇనప చీలలు దించారు. అతుకుల్లో సున్నం ఊడిపోయి నీళ్ళు దిగితే ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, రాయి లోపల నుంచి చీలుతుంది. చలికాలంలో ఆ పగుళ్ళలో నీళ్ళు గడ్డకట్టి ఇంకొంచెం తెరుస్తాయి. సున్నపురాయి అయితే బొగ్గు పొగలోని సల్ఫర్ వందేళ్ళపాటు దాన్ని తిన్నది, వాన కడగని మూలల్లో నల్లటి పెచ్చు కడుతుంది, పెచ్చు ఊడితే దాంతోపాటు అక్షరాలూ పోతాయి. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే చాలాచోట్ల సిమెంట్ పూసేశారు, అది ఇంకా చేటు చేసింది, సిమెంట్ గట్టిది, తేమని బయటకి పోనివ్వదు, దాంతో సిమెంట్ నిలిచి పక్కన రాయి రాలుతుంది. అందుకే ఇప్పుడు రిపేర్ అంటే పాత సిమెంట్ గీకి డంగు సున్నం లాంటి మెత్తటి సున్నంతో అతుకులు నింపడం, ఇనుము తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టడం. ఈ పని తెలిసిన రాతి మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ, పైన 20 శాతం వ్యాట్.

శుభ్రం చెయ్యడం గురించైతే ఇంకో గొడవ. వచ్చినవాళ్ళకి రాయి మీద పచ్చగా తెల్లగా మచ్చలు చూడగానే చేతులు దురద పెడతాయి, వైర్ బ్రష్షో బ్లీచో పట్టుకుని అభిమానంతో తోమేస్తారు, పైపొర మొత్తం పోతుంది. ఆ మచ్చల్లో చాలావరకు లైకెన్‌లు, మనం బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఆ రకానిదే. బ్రిటన్‌లో ఉన్న దాదాపు 2000 రకాల లైకెన్‌లలో 700 పైగా చర్చి ఆవరణల్లో దొరికాయి, కొన్ని ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. సమాధుల రాళ్ళని వందల ఏళ్ళు ఎవరూ కదపరు కాబట్టే అవి అక్కడ బతుకుతున్నాయి. కాబట్టి మురికిగా ఉండటం నిర్లక్ష్యానికి గుర్తు అని తేల్చెయ్యడానికి లేదు.

భద్రత వైపు నుంచి ఇంకో ఒత్తిడి వచ్చింది. 2000లో హారోగేట్‌లో ఒక సమాధి రాయి మీద పడి ఆరేళ్ళ పిల్లాడు చనిపోయాడు. ఆ తర్వాత దేశమంతా కౌన్సిల్‌లు రాళ్ళని నెట్టి చూసి, కొంచెం కదిలినా పడుకోబెట్టడం, చుట్టూ టేప్ కట్టడం మొదలుపెట్టాయి, వేలల్లో రాళ్ళు నేలకి దిగాయి. జనం గోల చేశాక 2009లో న్యాయ శాఖ కొంచెం ఆచితూచి చెయ్యమని గైడెన్స్ ఇచ్చింది. లిస్టెడ్ సమాధిని అలా పడుకోబెట్టడానికి కూడా మళ్ళీ అనుమతుల తతంగమే, అందుకే చాలాచోట్ల తాత్కాలికం అని కట్టిన చెక్క ఫెన్సింగ్ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

నైటింగేల్ సమాధికి అలాంటి గతి పట్టకపోవడానికి కారణం చట్టం కంటే ఎక్కువగా మే 12. ఆ రోజు ప్రపంచమంతా నర్సుల దినం, మన నర్సింగ్ కాలేజీల్లో కూడా ఆవిడ ఫొటో పెట్టి దీపాలు పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తారు. మర్చిపోనివ్వని ఒక వృత్తి మొత్తం వెనక ఉన్నప్పుడు రాయికి దిక్కు దొరుకుతుంది.

తెలుగువాళ్ళకైతే ఆవిడతో ఇంకో లెక్క కూడా ఉంది, అది నర్సింగ్‌కి సంబంధం లేనిది. ఇండియా మొహం ఎప్పుడూ చూడకపోయినా ఆవిడ దాదాపు నలభై ఏళ్ళు ఇండియా గురించే రిపోర్టులు చదువుతూ, గవర్నర్లకీ వైస్రాయ్‌లకీ ఉత్తరాలు రాస్తూ గడిపింది. మొదట బ్రిటిష్ సిపాయిల ఆరోగ్యంతో మొదలెట్టి, 1876-78 కరువులో మద్రాస్ ప్రెసిడెన్సీ జనం రాలిపోతుంటే నీటి పారుదల మీదకి వచ్చింది. రైల్వేల మీద పోసే డబ్బు కాలవల మీద పెట్టండి అని లండన్‌లో వాదిస్తూ, పిచ్చివాడిలా చూసినా వదలని సర్ ఆర్థర్ కాటన్ పక్కన నిలబడింది, 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాని ఎలా మార్చిందో చూపించి ఇంగ్లీషు పత్రికల్లో రాసింది. కాటన్ దొర 1899లో సర్రీ కౌంటీ డార్కింగ్‌లో పోయాడు, సమాధి అక్కడే. మనవాళ్ళు ఇంగ్లాండ్ వెళ్ళినప్పుడు దాన్ని వెతుక్కుంటూ వెళ్తారు, ఈస్ట్ వెల్లో వైపు మాత్రం ఆ ఉద్దేశంతో వెళ్ళేవాళ్ళు అరుదు.

పేరున్న సమాధుల్లో కూడా అన్నిటి రాత ఒకటి కాదు. లండన్ శివారు మోర్ట్‌లేక్‌లో, కేథలిక్ చర్చి ఆవరణలో, సర్ రిచర్డ్ బర్టన్ అనే యాత్రికుడికి ఆయన భార్య ఇసబెల్ రాతితో అచ్చం అరబ్ టెంట్ ఆకారంలో సమాధి కట్టించింది, 1896లో తనూ అందులోనే చేరింది. గ్రేడ్ టూ స్టార్ ఇచ్చారు, అయినా పాడయ్యి, చందాలు పోగేసి రిపేర్ చెయ్యాల్సి వచ్చింది. సమాధి మందిరాలని కాపాడ్డానికి 1997లో ప్రత్యేకంగా ఒక ట్రస్ట్ కూడా పుట్టింది గానీ అది స్వయంగా చూసుకునేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒక విషయంలో మాత్రం కుటుంబ సమాధి అనే ఆలోచనకి చర్చి కోర్టులు ఇప్పటికీ మొగ్గు చూపిస్తాయి. పూడ్చిన మనిషిని మళ్ళీ తవ్వి తియ్యడానికి చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ దాదాపు ఒప్పుకోదు, ఒకసారి పెట్టారంటే శాశ్వతం అనేది వాళ్ళ సూత్రం. 2002లో బ్లాగ్డన్ కేసులో పై కోర్టు కొన్ని మినహాయింపులు చెప్పింది, అందులో ఒకటి కుటుంబం అంతా ఒకే సమాధిలో చేరడం కోసం అయితే పరిశీలించొచ్చు అని, దానికి వాళ్ళు చెప్పిన కారణాల్లో కుటుంబ ఐక్యతతో పాటు భూమి ఆదా కూడా ఉంది. విక్టోరియా కాలంలో హోదా కోసం కట్టినవి ఇప్పుడు చోటు పొదుపు కింద మెప్పు పొందుతున్నాయన్నమాట.

ఇంత రక్షణ చెప్పుకున్నాక ఎన్ని పాడవుతున్నాయో లెక్క ఎక్కడన్నా ఉంటుంది అనుకుంటాం. హిస్టారిక్ ఇంగ్లాండ్ ఏటా ప్రమాదంలో ఉన్న కట్టడాల రిజిస్టర్ వేస్తుంది, అందులోకి గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్ సమాధులు వస్తాయి. గ్రేడ్ టూ అయితే ప్రార్థన జరిగే చర్చి బిల్డింగ్‌లు, లండన్‌లో ఉన్నవి తప్ప మిగతావి ఆ లెక్కలోకే రావు. పల్లెల్లో లిస్ట్ అయిన కుటుంబ సమాధుల్లో అత్యధికం గ్రేడ్ టూవే. కాబట్టి ఏదన్నా ఒకటి ఒరిగిందీ పగిలిందీ అంటే ఆ సంగతి బయటపడేది గడ్డి కోసే మనిషో ఆదివారం ప్రార్థనకి వచ్చిన ముసలాయనో చూసి కమిటీ మీటింగ్‌లో ఎత్తితేనే, ఎత్తాక మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, వాళ్ళ తాలూకు వాళ్ళెవరన్నా ఉన్నారా అని.